సిక్స్‌టీ క్యాసెట్‌లో ఒక వైపు

కోఠీ గుజరాతీ గల్లీలో ఇప్పుడు టేప్ రికార్డర్ బెల్టు దొరకదు. సన్నటి నల్ల రబ్బరు బెల్టు. మోటారు తిప్పితే చక్రాన్ని తిప్పేది అదే. అది సాగిపోయిందంటే పాట నెమ్మదిస్తుంది, ఆడగొంతు మగగొంతవుతుంది, చివరికి రీలు లోపలే చుట్టుకుపోతుంది. ఒకప్పుడు ఆ గల్లీ దుకాణాల్లో మేకులకి గుత్తులుగా వేలాడేవి. మొన్న వెళ్లి అడిగితే కౌంటర్లో ఉన్న కుర్రాడికి నేను అడుగుతున్నదేమిటో తెలియలేదు. లోపల్నుంచి పెద్దాయన వచ్చి, "అవి రావడం మానేసి చాలా కాలమైంది సార్. అడిగేవాళ్లు లేరు, మేమూ తెప్పించట్లేదు" అన్నారు.

ఆ మిషన్లో నేను పెట్టాలనుకున్న క్యాసెట్లోని పాటలన్నీ నా ఫోనులో ఉన్నాయి. అందులోకన్నా శుభ్రంగా వినిపిస్తాయి కూడా. అయినా అవి నా దగ్గరికి ఎలా వచ్చాయో, ఎన్ని చేతులు మారి వచ్చాయో తలుచుకుంటే, ఆ సంగతులు తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారనిపించింది. అందుకే రాస్తున్నాను.

*

కాకినాడ సినిమా రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో రికార్డింగ్ సెంటర్ ఉండేది. గది చిన్నది. గోడలకి నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, వాటిలో ఎల్పీలు నిలువునా దోపి ఉండేవి. బల్ల మీద టర్న్‌టేబుల్, దాని పక్కన రెండు డెక్కులు. బల్లకి ఈవల మా కోసం ఒక బెంచీ, ఒక లావుపాటి లెడ్జరు. లెడ్జరులో సినిమా పేరు, పాట, పాడినవారు, ఎదురుగా ఒక నంబరు. మనం తెల్లకాగితం మీద నంబర్లు రాసిస్తే ఆయన పాటలు ఎక్కించి రెండు మూడు రోజుల్లో క్యాసెట్ చేతికిచ్చేవారు.

ఆయన పద్ధతులు ఆయనవి. "నైంటీ వద్దు బాబూ. రీలు పల్చన, ఇరుక్కుంటుంది. సిక్స్‌టీ తీసుకో, పదికాలాలు ఉంటుంది" అనేవారు. అది వ్యాపారం కోసం చెప్పిన మాట కాదు, నైంటీ అమ్మితేనే ఆయనకి నాలుగు డబ్బులు ఎక్కువ. ఎక్కించే ముందు స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడిచేవారు. రికార్డుని అంచులు పట్టుకుని తీసి, మెత్తటి బ్రష్షు ఒక్క చుట్టు తిప్పి, ముల్లు దించేవారు. పాట మొదలయ్యే ముందు వచ్చే ఆ చిరపట మా క్యాసెట్లన్నిటిలోనూ ఉండేది. అయిపోయాక క్యాసెట్ వెనకవైపు రెండు బుడిపెలనీ స్క్రూడ్రైవరుతో విరిచి ఇచ్చేవారు, పొరపాటున దాని మీద ఇంకేదీ ఎక్కకుండా.

ఒక వైపు చివర ఖాళీ మిగిలితే ఆయన ఊరుకునేవారు కాదు. రెండు నిమిషాలున్నా సరే, తనకి నచ్చిన పాటేదో ఒకటి పెట్టేవారు. దానికి డబ్బులు తీసుకునేవారు కాదు. పాట మధ్యలో రీలు అయిపోయి తెగిపోతే, మిగతా సగం కోసం మనం మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాలి. సాలూరి రాజేశ్వరరావు కుర్రతనంలో గ్రామఫోను రికార్డులకి పాడిన లలిత గీతాలు నేను మొదట విన్నది అలా ముక్కలుగానే. సినిమా పాట తప్ప వేరే పాట ఒకటుంటుందని, ఒక మనిషి తనలో తాను పాడుకున్నట్టు పాడితే అదీ రికార్డవుతుందని, ఆ సగం సగం పాటలే నాకు చెప్పాయి.

*

ఆ రోజుల్లో దేశం దాటిన పిల్లలు ఉత్తరాల బదులు క్యాసెట్లు పంపేవారు. గల్ఫు వెళ్లినవాళ్లయితే టేప్ రికార్డరే ఇంటికి తెచ్చిపెట్టి, ఆ తర్వాత గొంతు పంపేవారు. చదవడం రాని తల్లులకి అది పెద్ద వరం. పోస్టుమాన్ గట్టి కవరు తెస్తే ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లతో సహా, మిషన్ చుట్టూ చేరేవారు. కొడుకు మాట్లాడుతుంటే మధ్యలో తల్లి జవాబు చెప్పేది. "తింటున్నావా నాన్నా" అని అడిగేది, ఎదురుగా ఉన్నట్టే. తర్వాత అదే క్యాసెట్ మీద అందరూ వంతులవారీగా మాట్లాడి తిరిగి పంపేవారు. అంటే కొడుకు మాటల మీదే ఇంటివాళ్ల మాటలు ఎక్కేవి. దాచుకోవాలన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. అన్ని ఇళ్లలో అంతమంది గొంతులు ఒకదాని మీద ఒకటి చెరిగిపోయాయి.

నా స్నేహితుడి అన్నయ్య డాక్టరు. మన ఆసుపత్రుల్లోంచి ఇంగ్లండు వెళ్లిన ఎందరో తెలుగు డాక్టర్లలో ఒకడు, బర్మింగ్‌హామ్‌లో పనిచేసేవాడు. ఆయన క్యాసెట్లలో ఒక వైపు అమ్మకి, రెండో వైపు తమ్ముడికి. అమ్మ వైపు ఎప్పుడూ ఒకటే ధోరణి. బాగున్నాను, చలి అలవాటైంది, బియ్యం దొరుకుతున్నాయి, నైట్ డ్యూటీలు ఉన్నా నిద్రకి లోటు లేదు. తమ్ముడి వైపు మాటలుండవు. తను కొనుక్కున్న ఎల్పీ ఏదో ఒకటి మొదట్నుంచి చివరిదాకా ఎక్కించి పంపేవాడు. అట్ట మీద చిన్న అక్షరాలతో పాడినవారి పేరు, ఆల్బమ్ పేరు, పాటల పేర్లు. బొమ్మ లేదు, వివరం లేదు.

ఒకసారి వాడు పరుగున వచ్చి, "ఒరేయ్, ఇది వినరా. అన్నయ్య ఎప్పుడూ పంపేలాంటిది కాదు" అన్నాడు. అట్ట మీద ‘నిక్ డ్రేక్, పింక్ మూన్’ అని ఉంది.

వాళ్ల మేడమీద గదిలో పానాసోనిక్ టూ ఇన్ వన్‌లో పెట్టాం. కింద వాళ్లమ్మగారు వంట చేసుకుంటున్నారు. గిటారు మొదలైంది. వెనకాల డ్రమ్ము లేదు, బృందం లేదు. మొదటి పాటలో ఒక్కచోట పియానో తళుక్కుమని వచ్చి వెళ్లిపోయింది, ఆ తర్వాత ఆల్బమ్ అంతా ఒక గిటారు, ఒక గొంతు. ఆ గొంతు ఎవరినీ పిలవదు, ఎవరినీ ఒప్పించదు. మాటల చివర్లు ఊపిరిలో కలిసిపోతాయి. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. కానీ పిఠాపురం పక్క ఊళ్లో పుట్టిన కృష్ణశాస్త్రిని ‘కృష్ణపక్షం’లో చదువుకున్నవాళ్లం, విషాదం విషాదమని తెలుసుకోవడానికి మాకు నిఘంటువు అక్కర్లేదు.

ఒక పాట పూర్తిగా వాద్యమే, ఒక్కొక్క తీగనే మీటుతూ పోతుంది, ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు. ఇంకొక పాటలో నాలుగే చిన్న పంక్తులు, మిగతాదంతా కూనిరాగం. ఆల్బమ్ మొత్తం కలిపి ఇరవై ఎనిమిది నిమిషాలు. సిక్స్‌టీ క్యాసెట్లో ఒక వైపుకి కొలిచి తీసినట్టు సరిపోయింది, ఒకటిన్నర, రెండు నిమిషాలు మిగిలాయి. డాక్టరుగారు మా రికార్డింగ్ సెంటర్ పెద్దాయనలా ఆ ఖాళీని నింపలేదు. రీలు చివరిదాకా ఉత్త హోరు, తర్వాత బటన్ టక్కున పైకి లేచిన చప్పుడు. అప్పటిదాకా మేమిద్దరం లేవలేదు.

వాడు చాలాసేపటికి, "అన్నయ్య బాగాలేడేమోరా" అన్నాడు. అమ్మ వైపు మళ్లీ తిప్పి పెట్టాం. బాగున్నానమ్మా, నిద్రకి లోటు లేదు.

*

ఆ ఆల్బమ్ ఎలా తయారైందో మాకు అప్పుడు తెలియదు. 1971 అక్టోబరులో లండన్ చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ అనే స్టూడియోలో రెండు రాత్రుల్లో రికార్డయింది. అంతకుముందు అదొక పాల డెయిరీ భవనం. పగలు వేరేవాళ్లకి బుక్ అయి ఉండేది కాబట్టి, రాత్రి పదకొండు దాటాక నిక్ డ్రేక్, ఇంజినీరు జాన్ వుడ్, ఇద్దరే కూర్చున్నారు. పాడటం అయ్యాక దీనికి ఇంకేం కలుపుదామని వుడ్ అడిగితే, ఇంకేమీ వద్దన్నాడట. 1972 ఫిబ్రవరిలో ఐలండ్ కంపెనీ విడుదల చేసింది.

మొదటి రెండు ఆల్బమ్‌లు అలాంటివి కావు. 1969 నాటి ‘ఫైవ్ లీవ్స్ లెఫ్ట్’లో కేంబ్రిడ్జిలో తనతో చదివిన రాబర్ట్ కర్బీ రాసిన వయొలిన్ల బృందాలున్నాయి. ‘బ్రైటర్ లేటర్’లో డ్రమ్ములు, శాక్సోఫోను, జాన్ కేల్ కీబోర్డు అన్నీ ఉన్నాయి. ఆ అలంకారాలన్నీ ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చి మూడోదాంట్లో గిటారుతో మిగిలాడు. ఆ పనితనం తెలిసినవాళ్లకి ఈ ఆల్బమ్ పేదరికంలా వినిపించదు. కుడిచేతి బొటనవేలు మంద్రంలో ఒక నడక నడుస్తూనే ఉంటుంది, మిగతా వేళ్లు దాని మీద వేరే లెక్కలో తిరుగుతుంటాయి. రెండు గిటార్లు వాయిస్తున్నారని మేం చాలాకాలం అనుకున్నాం. తీగల శ్రుతులు కూడా మామూలువి కావు. పాట పాటకీ తీగలు వదులు చేసి, బిగించి, వేరే శ్రుతిలో పెట్టుకునేవాడు. వేలు మోపని తీగలు అలా మోగుతూనే ఉంటాయి కాబట్టి తంబురాకి అలవాటైన మన చెవికి ఆ పాటల కింద ఒక ఆధారం దొరుకుతుంది. మా ఇద్దరికీ ఆ సంగీతం పరాయిదిగా తోచకపోవడానికి అదొక కారణమని నా నమ్మకం.

అదే శ్రుతి మార్చుకోవడం వేదిక మీద ఆయన్ని దెబ్బతీసింది. పాటకీ పాటకీ మధ్య తల వంచుకుని తీగలు సరిచేసుకుంటూ ఉండిపోయేవాడు, ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పబ్బుల్లో జనం ఆ నిశ్శబ్దంలో కబుర్లలో పడేవారు. కొన్నాళ్లకి కచేరీలే మానేశాడు. బతికుండగా ఒక్కో ఆల్బమూ అయిదు వేల ప్రతులైనా అమ్ముడుపోలేదని చెబుతారు. పెద్దవాడయ్యాక ఆయన కదులుతుండగా తీసిన ఫిల్ము ముక్క ఒక్కటి కూడా లేదు.

*

నా కాపీ కోసం ఆ క్యాసెట్‌ని రికార్డింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాం. పెద్దాయన డెక్కులో పెట్టి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కాసేపు విన్నారు. "ఎవరండీ ఈయన?" అన్నారు. తెలియదన్నాం. "ఎవరైతేనేం లెండి, బాగా వాయిస్తున్నాడు" అని పని మొదలుపెట్టారు. బర్మింగ్‌హామ్ గదిలో రికార్డు మీద ముల్లు దిగిన చిరపట, దాని మీద మొదటి క్యాసెట్ హోరు, దాని మీద రెండోదాని హోరు. కాపీకి కాపీ. చివర మిగిలిన రెండు నిమిషాలనీ ఆయన అలవాటు ప్రకారం వదల్లేదు. రాజేశ్వరరావు పాటొకటి పెట్టారు, అది సగంలో తెగింది. చాలా ఏళ్ల పాటు నా వరకూ ‘పింక్ మూన్’ ముగింపు అదే. ఇప్పుడు ఫోనులో ఆఖరి పాట అయిపోగానే చెవి ఆ తెలుగు గొంతు కోసం వెతుక్కుంటుంది.

*

నిక్ డ్రేక్ పుట్టింది రంగూన్‌లో అని ఎన్నో ఏళ్లకి ఒక సీడీతో వచ్చిన పుస్తకంలో చదివినప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. 1948 జూన్ 19. తండ్రి రోడ్నీ, బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్‌లో ఇంజినీరు. తల్లి మాలీ, ఆమె పుట్టిందీ బర్మాలోనే.

రంగూన్ అంటే మా వైపు వాళ్లకి కొత్త ఊరు కాదు. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి స్టీమర్లలో వెళ్లి అక్కడి ఓడరేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు వేలకి వేలు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. మా నాయనమ్మ అన్నగారు కూడా ఆ మిల్లుల్లో పనిచేసి, 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు నడిచి వచ్చిన లక్షలమందిలో ఒకరు. అడవి దారిలో ఏం చూశారో చెప్పేవారు కాదు. అడిగితే లేచి వెళ్లిపోయేవారు.

అదే ఏడు మాలీ కూడా బర్మా వదిలి మన దేశం వచ్చింది. దొరల దారి వేరు, కూలీల దారి వేరు, ఆ రెండింటినీ ఒక్కటి చేయలేను. కానీ ఆమె ఢిల్లీలో తోబుట్టువుతో కలిసి ఆలిండియా రేడియోలో లాయిడ్ సిస్టర్స్ పేరుతో పాడింది. కూతురు గేబ్రియల్ 1944లో లాహోర్‌లో పుట్టింది, తర్వాత నటి అయింది. యుద్ధం ముగిశాక రంగూన్ తిరిగి వెళ్లారు, అక్కడ నిక్ పుట్టాడు. 1950ల మొదట్లో బర్మింగ్‌హామ్‌కి దగ్గర్లోని టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ అనే చిన్న ఊరికి చేరారు. మా డాక్టరు పనిచేసిన నగరానికి అంత దగ్గరన్నమాట.

ఆ ఇంట్లో మాలీ పియానో ముందు కూర్చుని తను రాసుకున్న పాటలు తనే పాడుకునేది. భర్త ఇంజినీరు కదా, రీలు టేప్ రికార్డర్ పెట్టి అవి రికార్డు చేసేవాడు. బయట ఎవరికీ వినిపించలేదు. ఆమె పోయి ఇరవై ఏళ్లయ్యాక, 2013లో అవి ఆల్బమ్‌గా వచ్చాయి. కొడుకు పాటల్లో వినిపించే ఆ దిగులు, స్వరాలు ఊహించని చోట మళ్లడం, అన్నీ తల్లి దగ్గరే ఉన్నాయి. సంగీతం తెలిసిన ఎవరికైనా అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. కొడుకు పోయాక ఆ తల్లిదండ్రుల దగ్గరికి పాటలు నచ్చిన కుర్రవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. రోడ్నీ వాళ్లని కూర్చోబెట్టి టీ ఇచ్చి, కొడుకు ఇంట్లో రికార్డు చేసుకున్న పాటల్ని క్యాసెట్ల మీద ఎక్కించి ఇచ్చేవాడు. అవి కాపీలకి కాపీలై దొంగ రికార్డులుగా బజార్లో తిరిగాయి. కుటుంబం 2007లో వాటిని ‘ఫ్యామిలీ ట్రీ’ పేరుతో సవ్యంగా విడుదల చేసింది. పుత్రశోకంలో ఉన్న ఒక ముసలాయన పరాయి పిల్లల కోసం బటన్లు నొక్కుతూ కూర్చోవడం నాకు బాగా అర్థమవుతుంది. సినిమా రోడ్డు సందులోని పెద్దాయన్ని చూసినవాణ్ణి కనక.

*

కొడుకు పోయాక అన్నాను. నిక్ డ్రేక్ 1974 నవంబరు 25న, ఇరవై ఆరేళ్ల వయసులో, కన్నవాళ్ల ఇంట్లోనే పోయాడు. దిగులు జబ్బుకి వాడుతున్న మాత్రలు ఎక్కువైపోయాయి. ఆత్మహత్య అని విచారణాధికారి రాశారు. కుటుంబంలో కొందరు దాన్ని ఒప్పుకోలేదు.

నేను ఇది చదివేనాటికి ఆ పాటలు నాకు కంఠతా వచ్చేశాయి. మాకు ఆయన బతికున్న మనిషి. ఎక్కడో ఇంగ్లండులో, కాస్త వయసు మళ్లి, ఇంకా గిటారు వాయిస్తూ ఉండి ఉంటాడనుకునేవాళ్లం. ఆ భ్రమలో విన్నందువల్ల మాకు ఆ ఆల్బమ్ ఒక చావు కబురు కాలేదు. చివరి పాటలో తెల్లవారుతుంది, ఆ వెలుగు మాకు వెలుగుగానే వినిపించింది. కథ తెలిసి వినేవాళ్లు ప్రతి మాటలోనూ చావుని వెతుకుతారు. ఇప్పుడు ఆయన పేరు కొడితే ముందు వచ్చేది వయసు, మాత్రలు, తేదీ. పాట ఆ తర్వాత. ఇది నాకు నచ్చదు. రెండు రాత్రులు కూర్చుని అంత పొందికగా ఒక పని పూర్తిచేసిన మనిషిని ముందు పనివాడిగా చూడాలి.

అయితే పాత రోజులే మేలని నేననను. నిర్మాత జో బాయిడ్ తన కంపెనీని ఐలండ్‌కి అమ్మేటప్పుడు, నిక్ డ్రేక్ ఆల్బమ్‌లు ఎప్పటికీ అమ్మకంలోంచి తీసెయ్యకూడదని షరతు పెట్టాడు. ఆ షరతే లేకపోతే మా డాక్టరుకి బర్మింగ్‌హామ్ కొట్లో ఆ ఎల్పీ దొరికేదా? 1999లో అమెరికాలో ఒక కారు ప్రకటనకి ‘పింక్ మూన్’ పాట వాడుకున్నారు, దాంతో అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. ప్రకటనల్ని తిట్టడం తేలిక. దానివల్ల విన్నవాళ్ల చెవుల్ని నేను తక్కువ చెయ్యలేను. మాలీ పాటలు క్యాసెట్ల కాలంలో మన దాకా వచ్చేవి కావు. ఇంగ్లండులో చుట్టంలేని కుర్రాడికి, క్యాసెట్‌కి పెట్టడానికి నలభై రూపాయలు లేని కుర్రాడికి, అప్పట్లో దారే లేదు. మా కాలేజీలో అలాంటివాళ్లే ఎక్కువ.

పోయినదాన్ని పోయిందని చెప్పడానికి మాత్రం నాకు మొహమాటం లేదు. ఒక మనిషి తన రాత్రుల్లో విన్నది మరో మనిషి కోసం కూర్చుని, ఇరవై ఎనిమిది నిమిషాలూ అక్కడే ఉండి, రికార్డు రెండో వైపు తిప్పి, పేర్లు చేత్తో రాసి పంపడం పోయింది. డాక్టరు తల్లికి చెప్పలేనిది తమ్ముడికి చెప్పగలిగిన ఆ రెండో వైపు పోయింది. లింకు పంపడానికి అర నిమిషం చాలు, దాంట్లో పంపినవాడి రాత్రి ఉండదు. డాక్టరు ఆ తర్వాత కోలుకున్నాడు, పెళ్లయింది, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ క్యాసెట్ గురించి వాళ్లన్నదమ్ములు ఎప్పుడూ మాట్లాడుకోలేదట.

రాజమండ్రిలో ఉండే మా మేనకోడలు ఈమధ్య ఇంటికొచ్చినప్పుడు చదువుకుంటూ ఫోనులో ఏవో పాటలు పెట్టుకుంది. వరసలో ‘ప్లేస్ టు బి’ వచ్చింది. "ఇది ఎవరిదే?" అంటే, "తెలీదు మావయ్యా, వానాకాలం పాటలని వాటంతటవే వస్తుంటాయి. ఇది మాత్రం రోజూ వింటాను" అంది. పేరు తెలియదు, కథ తెలియదు. పాట నచ్చింది. ఆ పిల్లకి పాట అందించిన చెయ్యి ఒకటి లేకపోవడం ఒక్కటే తేడా.

పేరు చెప్పాను. ఎక్కడుంటాడని అడిగితే ముందు పాటలు వినమన్నాను. "ఇంకేమున్నాయి మావయ్యా ఈయనవి?" అంది. కాగితం మీద మూడు ఆల్బమ్‌ల పేర్లు రాసిచ్చాను. ‘పింక్ మూన్’ పాటలు కలగాపులగంగా కాకుండా వరసలో, ఒకే కూర్చోడంలో వినమన్నాను. తర్వాత ‘ఫైవ్ లీవ్స్ లెఫ్ట్’ పెట్టుకుని, అందులో డానీ థాంప్సన్ వాయించిన డబుల్ బేస్ కోసం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమన్నాను, ఫోను స్పీకర్లో అది వినపడదు. ‘రివర్ మాన్’ దగ్గర తాళం వేసి చూడమన్నాను. అది అయిదు లెక్క, మన ఖండచాపు వచ్చినవాళ్లకి దొరుకుతుంది. ఆ పిల్ల వీణ నేర్చుకుంటోంది.